ప్రోగ్రామరు పనిగంటలు – ఒక పరిశీలన

శ్రమకు కాలపరిమితి ఉండాలన్న భావన మానవ చరిత్రలో చాల ఆలస్యంగా కలిగింది. సేద్యం చేసే రైతుకు, మగ్గం మీద కూర్చున్న నేతగానికి సూర్యుడే గడియారం. చీకటిలో కలుపు తీయడం సాధ్యం కాదు గనుక పొద్దు గూకడమే వారికి సెలవు. ఆవిరి యంత్రాలు, ఆ తరువాత విద్యుద్దీపాలు వచ్చి రాత్రిని పగలుగా మార్చిన పిమ్మటనే ‘ఎన్ని గంటలు?’ అన్న ప్రశ్న పుట్టింది. బ్రిటన్‌లో రాబర్ట్ ఓవెన్ 1817 నాటికే దినాన్ని మూడు ఎనిమిదులుగా, అనగా పనికి, వినోదానికి, విశ్రాంతికి సమానంగా పంచాలని ప్రబోధించాడు. 1886 మే నెలలో చికాగో కార్మికులు ఆ కోరికకై నెత్తురు ధారపోశారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన మొట్టమొదటి ఒడంబడికయే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. భారతదేశం దానిని 1921లోనే అంగీకరించినా, మన ఫ్యాక్టరీలలో వారానికి 54 గంటల పరిమితి 48కి దిగడానికి 1946 వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఆ సవరణను తెచ్చినవారు అప్పటి వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖను నిర్వహించిన డాక్టర్ అంబేడ్కర్. తదుపరి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9, వారానికి 48 గంటలను హద్దుగా నిర్ణయించి, హద్దు దాటిన గంటకు రెట్టింపు వేతనం చెల్లించవలెనని శాసించింది.

ఈ చరిత్ర అంతా చేతిలో సుత్తి పట్టినవానిది, మరమగ్గం నడిపినవానిది. మన కళాశాల నుండి ఏటా పట్టాలు పుచ్చుకొని వెళ్ళే బి.సి.ఏ., బి.యస్సీ. కంప్యూటర్స్ విద్యార్థినీ విద్యార్థులు కూర్చోబోయే కుర్చీ వేరు. అక్కడ సైరను మోగదు. పనిముట్టు ఇంటికే వస్తుంది. జీతం నెలకు ఇంత అని రాసి ఉంటుంది గాని గంటకు ఇంత అని ఎక్కడా కనబడదు. తెలుగు అధ్యాపకునికి ఈ విషయంతో ఏమి సంబంధమని మిత్రులు అడగవచ్చు. కొలువు జీవితానికి సంబంధించిన మాటలను ఒక్కసారి గమనించండి: నౌకరి, హాజరు, రోజు, బాకీ, హక్కు, రాజీనామా. ఇవన్నీ పారశీ, అరబీ మూలాల నుండి ఉర్దూ ద్వారాను, ఇతరత్రాను మన భాషలోనికి వచ్చి స్థిరపడినవే. ఉర్దూ విభాగపు విద్యార్థికీ తెలుగు విభాగపు విద్యార్థికీ ఇవి ఉమ్మడి సొత్తు. వీటిలో ‘బాకీ’, ‘హక్కు’ అనే రెండింటిని పట్టుకొని ప్రోగ్రామరు అదనపు గంటలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

అదనపు పని సాఫ్టువేరు రంగంలో ఎందుకింత సహజమైపోయింది? ‘యజమానుల దురాశ’ అన్న సమాధానం సులభమైనది, కొంతవరకు నిజమైనది కూడ. కాని దానితో విషయం పూర్తి కాదు. ఈ పని స్వభావంలోనే ఒక చిక్కు ఉన్నది. మేస్త్రీ గోడ కడుతుంటే ఇంటివారు సాయంత్రం వచ్చి నాలుగు వరుసలు లేచినదని కళ్ళారా చూడగలరు. ప్రోగ్రాము అట్లా కనబడదు. ‘తొంభై శాతం పూర్తయినది’ అన్న స్థితిలో వారాల తరబడి నిలిచిపోవడం ఈ వృత్తిలో ఒక వేళాకోళపు నానుడిగా మారింది. కంటికి కనబడని పనికి ముందుగా గడువు చెప్పవలసి రావడం, ఆ గడువు తప్పినప్పుడు ఎక్కడి నుండో కాలాన్ని తెచ్చి పూడ్చవలసి రావడం – ఇదే ఓవర్‌టైముకు మూలం.

దీనిని అందరికంటె ముందుగా, అందరికంటె స్పష్టంగా వివరించినవాడు ఫ్రెడరిక్ బ్రూక్స్. ఆయన 1960ల దశకంలో ఐ.బి.ఎం. సంస్థ సిస్టం 360 యంత్రాలకై తయారైన ఆపరేటింగ్ సిస్టం నిర్మాణాన్ని పర్యవేక్షించి, అందులో ఎదురైన ఆలస్యాలను, నష్టాలను తలచుకొని 1975లో ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ అనే గ్రంథం ప్రకటించాడు. కంప్యూటరు విద్యార్థులు పాఠ్యగ్రంథంగా కాకపోయినా ఒక్కసారైనా చదవవలసిన పుస్తకమిది. ఆయన వాదం సారాంశం ఇది. పదిమంది కూలీలు పది రోజులలో కోసే పంటను ఇరవైమంది ఐదు రోజులలో కోయగలరు. కోతగాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన అవసరం లేదు గనుక అక్కడ మనుషులకు, రోజులకు మారకం చెల్లుతుంది. ప్రోగ్రాములో ఒకరి భాగం మరొకరి భాగంతో అతకాలి. ముగ్గురు పనిచేస్తుంటే వారి మధ్య జంటలు మూడు. ఆరుగురైతే 15. పన్నెండుగురైతే 66. మనుషులు రెట్టింపైతే మాట్లాడుకోవలసిన దారులు నాలుగింతలు దాటుతున్నాయన్న మాట. పైగా కొత్తగా వచ్చినవారికి పాతవారు పని నేర్పాలి. అందుచేత ఆలస్యమైన సాఫ్టువేరు పనికి మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని బ్రూక్స్ తేల్చాడు. నేడది ఆయన పేరుతోనే సూత్రంగా వ్యవహరింపబడుతున్నది.

అదే గ్రంథంలో అంతగా ప్రచారం పొందని లెక్క మరొకటి ఉన్నది. మన విద్యార్థులకు అది మరింత ఉపయోగకరం. మొత్తం కాలంలో మూడవ వంతు ఆలోచనకు, ప్రణాళికకు కేటాయించాలట. ఆరవ వంతు మాత్రమే కోడు వ్రాయడానికి. మిగిలిన సగం పరీక్షించడానికి, దోషాలు దిద్దడానికి. కొత్త ఉద్యోగిని పై అధికారి ‘ఇది ఎన్ని రోజుల పని?’ అని అడిగినప్పుడు ఆ పిల్లవాడు తన మనసులో వ్రాసే సమయాన్నే లెక్కించుకొని ‘రెండు రోజులు’ అంటాడు. బ్రూక్స్ లెక్క ప్రకారం అది పన్నెండు రోజుల పని. అధికారి ఆ రెండును క్లయింటుకు మాట ఇస్తాడు, లేక క్లయింటు కోరిన ఒకటిన్నరకు ఒప్పుకొని వస్తాడు. లోటు పడిన దినాలను ఎవరు తెచ్చి పెట్టాలి? ఆ పిల్లవాని సాయంకాలాలు, శనివారాలు తెచ్చి పెడతాయి. తప్పుడు అంచనా వలన ఏర్పడిన బాకీని అంచనా వేసినవారు గాక వ్రాసేవారు తీర్చడమే ఈ రంగంలో ఓవర్‌టైము. దానికి ‘కష్టించే గుణం’, ‘అంకితభావం’ అని పేరు పెట్టి ప్రశంసాపత్రం ఇస్తే బాకీ కాస్తా బిరుదుగా మారిపోతుంది.

హైదరాబాదు విషయంలో ఇంకొక కారణం కూడ చేరింది. అది గడియారాల భేదం. 1998 నవంబరు 22న మాదాపురంలో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన నాటి నుండి మన నగరపు సాఫ్టువేరు పనిలో అధికభాగం అమెరికా క్లయింట్లదే. న్యూయార్కులో ఉదయం తొమ్మిది గంటలంటే వారి వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర, వారి శీతకాలంలో ఏడున్నర. కాలిఫోర్నియాలో తొమ్మిదైతే మనకు రాత్రి తొమ్మిదిన్నర లేక పదిన్నర. పగలంతా పనిచేసినవాడు క్లయింటు నిద్రలేచి ‘కాల్’లోనికి వచ్చే వేళకు తప్పక హాజరు కావాలి. జూన్, జులై మాసాలలో హైదరాబాదులో పొద్దు గూకేది ఇంచుమించు ఆరూ ముక్కాలు, ఏడు గంటల నడుమ. మగ్రిబ్ నమాజు వేళ, వేసవిలో రమజాను వచ్చిన సంవత్సరాలలో ఇఫ్తారు వేళ, న్యూయార్కు వారి తొలి సమావేశపు వేళ – మూడూ ఒక్కటే. హిందూ మిత్రుల ఇళ్ళలో దీపం పెట్టే వేళ కూడ అదే. పిల్లలు బడి నుండి వచ్చి పాఠం చెప్పమని కూర్చునే వేళ కూడ అదే. పగటి కొలువు, రాత్రి కాల్, ఈ రెండింటినీ ఒకే మనిషి మోయడం ఒకనాటి అత్యవసరం కాదు, ప్రతిదినపు ఏర్పాటు. రాత్రి పది గంటల కాల్‌ను పనిగంటగా నమోదు చేసేవారు అరుదు.

పరదేశాలలో ఈ బాధ లేదనుకోవడం పొరపాటు. 2004 నవంబరులో అమెరికాలో ఒక ఉద్యోగి కాబోయే భార్య తన పేరు దాచుకొని ఒక బహిరంగ లేఖ వ్రాసింది. ఆమె తరువాత తన పేరు ఎరిన్ హాఫ్‌మన్ అని వెల్లడించింది. కంప్యూటరు ఆటలు తయారు చేసే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థలో పని మొదట రోజుకు 8 గంటలు, వారానికి ఆరు రోజులుగా మొదలై, తరువాత 12 గంటలై, చివరకు వారానికి ఏడు రోజులు ఉదయం తొమ్మిది నుండి రాత్రి పది వరకు సాగిందని ఆమె ఆరోపించింది. ఆటల రంగంలో దీనిని ‘క్రంచ్’ అంటారు. ఆ లేఖ ఉత్తరక్షణంలో ప్రపంచమంతా పాకింది. చెల్లించని ఓవర్‌టైముకై వేసిన దావాలలో ఆ సంస్థ 2005లో కళాకారులకు 1 కోటి 56 లక్షల డాలర్లు, 2006లో ప్రోగ్రామర్లకు 1 కోటి 49 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ పడింది. గమనించదగిన విశేషమేమంటే, లేఖ వ్రాసినది కుర్చీలో కూర్చున్నవాడు కాదు, ఇంట్లో ఎదురుచూసిన స్త్రీ. అదనపు గంటల బరువు మోసేవారు ఇద్దరుంటారు, జీతపు చీటీ మీద పేరు మాత్రం ఒకరిదే.

చైనాలో ఇదే జబ్బుకు ‘996’ అని పేరు: ఉదయం తొమ్మిది నుండి రాత్రి తొమ్మిది, వారానికి ఆరు రోజులు, మొత్తం 72 గంటలు. 2019 మార్చిలో అక్కడి ప్రోగ్రామర్లు తాము నిత్యం వాడే గిట్‌హబ్ వేదిక మీదనే ‘996.ఐ.సి.యు.’ అనే పేరుతో నిరసన ప్రారంభించారు. ఇట్లా పనిచేస్తే చేరేది ఆసుపత్రి ఐ.సి.యు.కే అని దాని భావం. ఆలీబాబా సంస్థాపకుడు జాక్ మా ఆ పద్ధతిని వరంగా వర్ణించి విమర్శల పాలయ్యాడు. 2021 ఆగస్టులో ఆ దేశపు సుప్రీం పీపుల్స్ కోర్టు ఇది చట్టవిరుద్ధమని స్పష్టం చేసింది. ఫ్రాన్సులో 2017 జనవరి నుండి పనివేళల తరువాత ఫోనుకు, ఈమెయిలుకు దూరంగా ఉండే హక్కుకు చట్టంలో చోటు దొరికింది. ఆస్ట్రేలియాలో ఇటువంటి హక్కు 2024 ఆగస్టులో అమలుకు వచ్చింది.

మన దేశంలో పెద్దల మాటలు మరొక దిక్కుగా ఉన్నాయి. ఇన్ఫోసిస్ సంస్థాపకులలో ఒకరైన నారాయణమూర్తి 2023లో యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 ఆరంభంలో ఎల్ అండ్ టి అధ్యక్షుడు సుబ్రహ్మణ్యన్ 90 గంటల ప్రస్తావన తెచ్చారు. వయసు, అనుభవం గలవారి మాటలను తేలికగా తీసివేయరాదు. ఐతే సొంత సంస్థను నిర్మించుకొనేవాడు వెచ్చించే గంటకు, నెల జీతానికి చేరిన కుర్రవాడు వెచ్చించే గంటకు విలువ ఒకటి కాదన్న సంగతిని ఆ మాటలు మరుగుపరుస్తున్నాయి. మొదటివాని అదనపు గంట అతని వాటాలో జమ అవుతుంది. రెండవవానికి ఏమవుతుందో ఒక చిన్న లెక్క చూపుతుంది. నెలకు 22,000 రూపాయల జీతం, 22 పనిదినాలు అనుకుందాం. రోజుకు 8 గంటలైతే గంటకు 125 రూపాయలు. అదే జీతానికి రోజుకు 12 గంటలు చేస్తే గంటకు దాదాపు 83. పని ఎక్కువ చేసిన కొద్దీ అతని గంట చవకైపోతున్నది.

పోనీ, అన్ని గంటలకు తగిన ఫలితమైనా దక్కుతున్నదా? మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల శ్రామికుల లెక్కలను స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ పెన్‌కవెల్ 2014లో తిరిగి పరిశీలించాడు. వారానికి దాదాపు 50 గంటలు దాటాక ఉత్పత్తి గంటలతో సమంగా పెరగదనీ, 70 గంటలు చేసినవారి ఉత్పత్తి 56 గంటలు చేసినవారి ఉత్పత్తిని మించినది స్వల్పమేననీ తేలింది. తూటాలు వేరు, ప్రోగ్రాములు వేరు అనవచ్చు. నిజమే, ప్రోగ్రాముల విషయం ఇంకా ఘోరం. అలసిన శ్రామికుడు తక్కువ తూటాలు చేస్తాడు. అలసిన ప్రోగ్రామరు తప్పు కోడు చేస్తాడు. ఆ తప్పును వెదకి దిద్దడానికి మరునాడు, మరొకరి మరునాడు కూడ వెచ్చించాలి. రాత్రి రెండు గంటలకు చేసిన పని ఉత్పత్తి ఖాతాలో తీసివేతగా నిలవవచ్చు. 1987లో డిమార్కో, లిస్టర్ అనే ఇద్దరు తమ ‘పీపుల్‌వేర్’ గ్రంథంలో ప్రతి ఓవర్‌టైము గంట వెనుక పని సాగని గంట ఒకటి ఎక్కడో దాగి ఉంటుందని వాదించారు. దేహం సంగతి మరీ స్పష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలసి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి 35–40 గంటలు పనిచేసేవారి కంటె పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం అధికం.

దేహానికి హక్కు ఉన్నదన్న ఈ మాట మన సంప్రదాయానికి కొత్తది కాదు. సహీహ్ బుఖారీలోని ఒక ఉదంతం మన విద్యార్థులలో చాలమంది ఎరిగినదే. అబూ దర్దా పగలెల్ల ఉపవాసం, రాత్రియెల్ల ప్రార్థనలతో గడుపుతూ ఇంటిని పట్టించుకోకుంటే, అతిథిగా వచ్చిన సల్మాన్ ఫార్సీ ఆయనను బలవంతాన భుజింపజేసి, నిద్రింపజేసి, దైవానికి, దేహానికి, కుటుంబానికి ఎవరి హక్కు వారికి చెందవలెనని బోధించారు. ప్రవక్త ఆ మాటను సమర్థించారు. అక్కడ మితిమీరినది ఆరాధన. ఆరాధనకే హద్దు చెప్పిన సంప్రదాయంలో పెరిగినవారు క్లయింటు గడువుకు హద్దు అడగడానికి సిగ్గుపడనక్కరలేదని నా అభిప్రాయం.

ఐనను అడగడం అంత సులభమా? మన విద్యార్థులలో ఎందరో తమ ఇంట పట్టా పుచ్చుకొన్న తొలి తరంవారు. మొదటి జీతం చేతికి రాకముందే అది చెల్లెలి ఫీజుకో, తండ్రి దుకాణం అప్పుకో కేటాయింపబడి ఉంటుంది. అట్టివానితో ‘ఆరు గంటలకు లేచి వెళ్ళిపో’ అనడం నగర జీవితంలో స్థిరపడినవారు ఇచ్చే ఖర్చులేని సలహా. విద్యార్థినుల చిక్కు ఇంకొకటి. రాత్రి కాల్ ముగించి ఇల్లు చేరిన కుమార్తెకో, కోడలికో వంటింటి పని మరొక షిఫ్టుగా ఎదురుచూస్తుంటుంది. వేళకాని వేళ రాకపోకలను ఇంటివారు ఆక్షేపించడం వలన మంచి ఉద్యోగాలను వదలుకొన్నవారూ ఉన్నారు. కనుక ధిక్కారాన్ని నేను బోధించడం లేదు. తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక లొంగడం వేరు అంటున్నాను.

తెలియవలసిన వాటిలో మొదటిది చట్టం. 2025 నవంబరు 21 నుండి అమలుకు వచ్చిన నాలుగు కార్మిక స్మృతులలో ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలో సాంకేతిక పని చేసేవారు కూడ చేరి ఉన్నారు. నిర్వహణ, పరిపాలన హోదాలలో ఉన్నవారు చేరరు. వృత్తి భద్రతా స్మృతి ప్రకారం రోజుకు 8 గంటలు పరిమితి, అదనపు పనికి కార్మికుని సమ్మతి, రెట్టింపు వేతనం అవసరం. స్త్రీలను రాత్రి ఏడు తరువాత, ఉదయం ఆరు లోపల నియమించడానికి వారి సమ్మతి, భద్రతా ఏర్పాట్లు ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటల వరకు అనుమతించినప్పుడు కూడ వారానికి 48 గంటల హద్దును నిలిపి ఉంచింది. కాగితం మీది చట్టం కుర్చీ దాకా నడచి రాదన్నది నిజమే. ‘మేనేజరు’ అన్న తోక తగిలించిన హోదాలు ఈ రంగంలో ధారాళం. కాని హోదా పేరు కంటె చేసే పని స్వభావమే ముఖ్యమని మన న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి.

రెండవది, అదనపు గంటలన్నీ ఒక జాతివి కావు. నడిరేయి ఒక బ్యాంకు సర్వరు నిలిచిపోతే లేచి పనిచేయడం వృత్తిధర్మం. వైద్యుడూ, అగ్నిమాపక దళంవాడూ అదే చేస్తారు. తొలి సంవత్సరం కొత్త భాషనో, పరికరాన్నో నేర్చుకోవడానికి వెచ్చించే గంట ఉద్యోగి వెంటనే ఉంటుంది, రాజీనామా చేసినా పోదు. ఏటా ప్రతి విడుదలకు ముందు తప్పక వచ్చే నెలరోజుల హడావిడి మాత్రం ఈ రెండు జాతులకూ చెందదు. ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిన దానిని అత్యవసరం అనడం భాషకు చేసే అపచారం. ఏ రోజు ఏ పనికి ఎన్ని గంటలు పట్టినదో సొంత పుస్తకంలో వ్రాసుకొనే అలవాటు మొదటి నెల నుండే చేసుకొంటే రెండు ప్రయోజనాలు. తన అంచనాలు ఎక్కడ తప్పుతున్నాయో తెలిసి, తరువాతిసారి ‘రెండు రోజులు’ అనడానికి ముందు ఆగుతాడు. అధికారితో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఫిర్యాదుకు బదులు లెక్క చూపగలుగుతాడు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ప్రాంగణ నియామకాల ఫలితాలు ప్రకటించే బోర్డు మీద విద్యార్థి పేరు, సంస్థ పేరు, సంవత్సరపు వేతనం – ఈ మూడు గళ్ళే ఉంటున్నవి. తల్లిదండ్రులు వచ్చి మూడవ గడి చూసి సంతోషించి వెళుతున్నారు. నాలుగవ గడి ఒకటి చేర్చవలెనని నా మనవి. పని ఏ వేళ నుండి ఏ వేళ వరకు, వారంలో ఎన్ని రోజులు, రాత్రి రవాణా ఉన్నదా, బాండు ఎన్ని నెలలు అన్న వివరాలను వచ్చిన సంస్థల ప్రతినిధులనే అడిగి అందులో వ్రాయవచ్చు. సమాధానం చెప్పని సంస్థ పేరు ఎదుట ఆ గడిని ఖాళీగా వదిలినా చాలు, చూసేవారికి అర్థమవుతుంది. అట్లే మూడేండ్లో, నాలుగేండ్లో పనిచేసిన మన పూర్వ విద్యార్థులను, ముఖ్యంగా పూర్వ విద్యార్థినులను, ఏడాదికొక మధ్యాహ్నం పిలిపించి తుది సంవత్సరం వారితో కూర్చోబెట్టాలి. జీతాల సంగతి వారు అడుగకనే చెబుతారు. సాయంకాలాల సంగతి మనం అడగాలి.